ఇంజన్ లైటు వెలిగిందా? ముందు కూలెంట్ చూడండి

పండక్కి సొంతూరు పోదామని పిల్లాపాపలతో, టిఫిన్ డబ్బాలతో సికింద్రాబాద్ నుంచి కరీంనగర్ రోడ్డెక్కుతారు. అల్వాల్ దాటగానే డాష్‌బోర్డు మీద ఇంజన్ లైటు వెలుగుతుంది. ఏసీ ఆపినా ఫ్యాను ఆగదు. శామీర్‌పేట దగ్గర చాయ్ తాగి మళ్ళీ తాళం తిప్పితే బండి మొరాయిస్తుంది. వెంటనే మనకు తోచేది ఒక్కటే: "బ్యాటరీ పోయినట్టుంది భాయ్!" బ్యాటరీ మార్చినా రోగం తగ్గదు. తర్వాత సెన్సార్, ఆ తర్వాత ఆల్టర్నేటర్ మారుస్తారు. జేబు ఖాళీ అవుతుందే తప్ప లైటు మాత్రం ఆరదు. ఇలాంటప్పుడు చాలాసార్లు అసలు దొంగ కరెంటు కాదు, కారుతున్న కూలెంట్.

నీళ్ళకూ కరెంటుకూ ఏం సంబంధం?

కూలెంట్ అంటే ఇథిలీన్ గ్లైకాల్, నీళ్ళు, తుప్పు పట్టకుండా కలిపే కొన్ని రసాయనాలు. సాధారణంగా సగం గ్లైకాల్, సగం నీళ్ళు ఉంటాయి. ఆ మిశ్రమం సుమారు 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది. రేడియేటర్ మూత లోపల ఒత్తిడిని నిలిపి ఉంచుతుంది కాబట్టి 120 డిగ్రీలు దాటినా మరగదు. ఈ ఒత్తిడి వల్లే సన్నని పగులు దొరికినా కూలెంట్ బయటికి చిమ్ముతుంది. అందులోని రసాయనాల వల్ల కరెంటు దాని గుండా పారుతుంది. నీళ్ళు ఆరిపోయినా జిగట, ఉప్పులు మిగిలిపోతాయి. రాగి పిన్నుల మీద పచ్చటి చిలుము పట్టేది అందుకే.

ఎక్కడ కారితే ఏమవుతుంది?

మొదటిది, కూలెంట్ టెంపరేచర్ సెన్సార్. వేడి పెరిగేకొద్దీ దీని నిరోధం తగ్గుతుంది. చాలా కార్లలో 20 డిగ్రీల దగ్గర సుమారు 2,500 ఓమ్‌లు ఉంటే, 80 డిగ్రీలకు 300 ఓమ్‌ల చిల్లరకు పడిపోతుంది. ఇంజన్ కంప్యూటర్, అంటే ఈసీయూ, ఈ లెక్కనుబట్టే ఎంత పెట్రోలు పోయాలో, ఫ్యాను ఎప్పుడు తిప్పాలో నిర్ణయిస్తుంది. రెండు పిన్నుల మధ్య కూలెంట్ చేరితే కరెంటుకు అడ్డదారి దొరుకుతుంది. అప్పుడు ఇంజన్ చల్లగా ఉన్నా ఈసీయూ వేడిగా ఉందనుకుంటుంది. ఫ్యాను ఆగదు, పొద్దున్నే స్టార్టింగ్ కష్టమవుతుంది. అదే చిలుము పట్టి నిరోధం పెరిగితే కథ తిరగబడుతుంది. ఇంజన్ ఇంకా చల్లగానే ఉందనుకుని పెట్రోలు ఎక్కువ పోస్తుంది, మైలేజీ పడిపోతుంది.

రెండోది మరీ మోసకారి. సెన్సార్ సీలు లోపల్నుంచి పోతే, దీపం వత్తి నూనె పీల్చినట్టు వైరులోని రాగి పోగులు కూలెంట్‌ను పీల్చుకుంటాయి. పైన ప్లాస్టిక్ తొడుగు పొడిగానే కనిపిస్తుంది. లోపల మాత్రం తడి మెల్లగా ఈసీయూ సాకెట్ దాకా పాకగలదు. సెన్సార్ ఒక్కటి మార్చి ఊరుకుంటే జబ్బు మళ్ళీ వచ్చేది ఇందుకే.

మూడోది ఆల్టర్నేటర్. కొన్ని బళ్ళలో ఇది పైపులకు, వాటర్ పంపుకు కిందుగా ఉంటుంది. చుక్కచుక్కా దాని మీద పడితే ఛార్జింగ్ ఆగి, బ్యాటరీ లైటు వెలుగుతుంది.

నాలుగోది డాష్‌బోర్డు లోపలుండే హీటర్ కోర్. ఇది కారితే కాళ్ళ దగ్గర కార్పెట్ తడుస్తుంది, దాని కింద పోయే వైర్లూ తడుస్తాయి. మన ఎండల్లో "ఏసీ నీళ్ళేలే" అని వదిలేస్తాం. ఏసీ నీటికి రంగు, వాసన, జిగట ఉండవు. కూలెంట్‌కు తీపి వాసన, రంగు, జిగట ఉంటాయి. అద్దం మీద జిడ్డు ఆవిరి పడుతుంటే అనుమానమే అక్కర్లేదు.

మీరు చేయాల్సింది

• వారానికోసారి, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, డబ్బాలో కూలెంట్ మట్టం కనిష్ఠ, గరిష్ఠ గీతల మధ్య ఉందో లేదో చూడండి. మాటిమాటికీ తగ్గుతోందంటే ఎక్కడో కారుతోందన్నమాటే.

• పైపుల కీళ్ళ దగ్గర ఎండిన పచ్చ, గులాబీ, తెల్ల మరకలు వెతకండి.

• పార్టు మార్చే ముందు, "భాయ్, ఆ కనెక్టర్ ఊడదీసి చూపించు, ప్రెషర్ టెస్ట్ చెయ్" అని మెకానిక్‌ను అడగండి. కారుడు ఆపి, బ్యాటరీ నెగటివ్ తీసి, కాంటాక్ట్ క్లీనర్‌తో పిన్నులు శుభ్రం చేయించండి. వైరు లోపల తడి ఉంటే ఆ వైరే మార్చాలి.

• బోరు నీళ్ళు పోయకండి, వాటిలో ఉప్పులెక్కువ. కారు పుస్తకంలో చెప్పిన రకం కూలెంటే వాడండి. రాణీగంజ్‌లో స్పేర్ పార్టుల దుకాణాలకు కొదవలేదు గానీ, రంగు చూసి మాత్రం కొనకండి. ఒకే రంగులో వేర్వేరు రకాలుంటాయి.

• వేడి ముల్లు ఎర్ర గీతకు చేరితే బండి పక్కకు ఆపి, ఇంజన్ కట్టేయండి. వేడి మీద మూత తీయొద్దు. మరిగే కూలెంట్ ముఖం మీదికి ఎగజిమ్ముతుంది.

చివరగా అమ్మలకు ఒక మాట. కూలెంట్ తియ్యగా ఉంటుంది, కానీ విషం. మిగిలినదాన్ని కూల్‌డ్రింక్ సీసాలో పోసి ఇంట్లో పెట్టొద్దు. నేల మీద కారితే వెంటనే తుడిచి, కడిగేయండి. పిల్లలు పొరపాటున తాగితే లక్షణాల కోసం ఎదురుచూడకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

చుక్క దగ్గర పట్టుకుంటే ఒక క్లిప్పుతోనో, పైపుతోనో పోతుంది. వదిలేస్తే ఈసీయూ దాకా పోతుంది.