మీకు తెలుసా? కర్నూలులో చిక్కిన రహస్య కాగితం

రెండో ప్రపంచయుద్ధం నాటి తాతల రహస్యాలంటే ఐరోపా నేలమాళిగలే గుర్తొస్తాయి. మన తాతలు దాచింది కాగితాన్ని!

1942 జూలై 29. క్విట్ ఇండియా తీర్మానానికి ఇంకా పదిరోజులుంది. ఆంధ్ర కాంగ్రెస్ నుంచి జిల్లాలకు ఒక రహస్య సర్క్యులర్ వెళ్లింది. రాసింది కళా వెంకటరావు. అది కర్నూలులో పోలీసులకు చిక్కి ‘కర్నూలు సర్క్యులర్’ అయింది. అందులోని సూచనలివి: గొలుసు లాగి రైలు ఆపొచ్చు, టెలిగ్రాఫ్ తీగలు కోయొచ్చు. పట్టాలు మాత్రం పీకకూడదు, ప్రాణహాని అసలే వద్దు. తిరుగుబాటులోనూ ఎంత జాగ్రత్తో! 1943లో కాంగ్రెస్‌పై నేరారోపణ పుస్తకం వేసిన ప్రభుత్వం ఈ సర్క్యులర్‌నూ సాక్ష్యంగా చూపింది.

అన్నట్టు, మీ తాతల నాటి ఇలాంటి కాగితాలు వెతకాలనుకుంటే ఒక మాట: హొళగుంద, ఆదోని అప్పట్లో కర్నూలువి కావు, బళ్లారి జిల్లావి. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రంలోకి వచ్చాయి. అటువైపు వాళ్లు తాతగారి ట్రంకుపెట్టెతో పాటు బళ్లారి దస్త్రాలూ వెతకాలి.