బస్సు ఉచితమే... మరి రాత్రి పడకో?

“లాడ్జిలనా? ఆడపిల్లల్ని లాడ్జిల పండవెడ్తరా మేడం?”

ఆ తండ్రి గొంతులో కోపం లేదు, భయం ఉంది. తాండూరులో బండలు పాలిష్ పట్టే కార్ఖానాలో పనిచేస్తాడాయన. తల మీద, చొక్కా మీద ఇంకా ఆ తెల్ల దుమ్ము అలాగే ఉంది. కూతురు తొమ్మిదో తరగతి. కొడంగల్‌లో మా అమ్మాయి చదివే బడి నుంచి తొమ్మిది, పది తరగతుల ఆడపిల్లలకు రెండు రోజులు హైదరాబాదు చూపిద్దామనుకున్నారు. ఇరవై ఆరు మంది తేలారు. వెంట ఇద్దరు మేడంలు, ఒక సారు. “మీరు కూడా తోడు రండి, కథలు రాసేవాళ్లు కదా, పిల్లలు మాట వింటారు” అని నన్నూ పిలిచారు. కథలు రాయడానికీ, పిల్లలు మాట వినడానికీ సంబంధమేమిటో నాకు ఇప్పటికీ తెలీదు. మా ఇంట్లోవాళ్లే వినరు. అయినా సరేనన్నాను.

ఆయన మాత్రం ఎంత చెప్పినా పిల్లను పంపలేదు.

మేం వెళ్లింది 2025 జనవరిలో. ప్రయాణం గురించి బెంగ లేదు. 2023 డిసెంబరు 9 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు లేదు కదా! తెల్లవారుజామున బస్సెక్కాం. కండక్టరు పాపం అందరి ఆధార్ కార్డులూ చూసి, పేరుపేరునా జీరో టికెట్లు కొట్టి ఇచ్చేసరికి పరిగి దగ్గరికొచ్చింది. మన్నెగూడ దాటి, చేవెళ్ల మర్రిచెట్ల కింద నుంచి పోతుంటే పిల్లలు పాటలందుకున్నారు. రావాల్సిన సారుకు ముందురోజే జ్వరం పట్టుకుంది. మా ముగ్గురు ఆడవాళ్లమే మిగిలాం. దానివల్ల ఏం తంటా వస్తుందో అప్పటికి మాకు తట్టలేదు.

“పొద్దున పోయి రాత్రికి తిరిగొస్తే అయిపోయేదిగా?” అన్నవాళ్లున్నారు. మన ఊరి నుంచి నగరానికి వంద కిలోమీటర్ల పైమాటే. గోల్కొండలో సౌండ్ అండ్ లైట్ షో చీకటి పడితే గానీ మొదలుకాదు. సాలార్జంగ్ మ్యూజియం ఒక పూటలో చూడటమే కష్టం. రాత్రి ఉండకపోతే పిల్లలు చూసేది బస్సు కిటికీలోంచి కనిపించిన హైదరాబాదే!

ఇక గదుల లెక్క వినండి. నాంపల్లి వైపు ఓ మోస్తరు లాడ్జిలో గది 1,400 రూపాయలన్నారు. గదికి నలుగురి చొప్పున ఏడు గదులు, పైన ఒక పరుపు. 9,800 అయింది. దాని మీద 12 శాతం జీఎస్టీ, ఇంకో 1,176. పిల్లల మీదికి పంచితే ఒక్కొక్కరికి 422 రూపాయలు. 2022 జులై 18కి ముందు వెయ్యి లోపు గదులకు అసలు పన్నే ఉండేది కాదు. మేం వెళ్లొచ్చాక, 2025 సెప్టెంబరు 22 నుంచి ఇలాంటి గదుల మీద పన్ను 5 శాతానికి తగ్గింది. మాకైతే కలిసి రాలేదు. బస్సు ఖర్చు తప్పింది కదా అని సంబరపడ్డ ఇళ్లలో ఈ 422 దగ్గరే మాట ఆగిపోయింది. ఒక ఇంట్లో అక్క పదోది, చెల్లి తొమ్మిదోది. అక్కనే పంపారు. “దీనికేం, వచ్చే ఏడు పోతది” అంది వాళ్లమ్మ. చెల్లి బస్టాండు దాకా వచ్చి అక్క సంచి అందించి వెళ్లింది.

నాంపల్లిలో దిగి లాడ్జికి వెళ్లాం. మేనేజరు మా వెనక్కి తొంగిచూస్తూ అడిగాడు.

“జెంట్స్ ఎవరు మేడం మీ తోటి?”

“ఎవరూ లేరండీ. సారుకు జ్వరమొచ్చింది.”

“అట్లయితే కష్టం మేడం. ఓనర్ ఒప్పుకోడు.”

ఫోనులో మాట్లాడి అడ్వాన్సు కూడా పంపామే! హెడ్మాస్టరు సంతకమున్న లెటరు, అందరి ఆధార్ జిరాక్సులు బల్ల మీద పెట్టాను. పెద్దవయసు ఆడది గది తీసుకోవడానికి మగతోడు ఉండాలని ఏ చట్టంలోనూ లేదు. ఆ మాటే అన్నాను. “రూలు గాదు మేడం, మా పద్ధతి” అన్నాడు. ఇరవై ఆరుమంది పిల్లలు ఫుట్‌పాత్ మీద సంచులు కాళ్ల దగ్గర పెట్టుకుని మా మొహాలే చూస్తున్నారు. అప్పుడు నాకు ఆ తండ్రి గుర్తొచ్చాడు. ఆయన భయం ఒక రకం, ఈయన అనుమానం ఇంకో రకం. ఎటు తిరిగినా గుమ్మం బయట నిలబడింది ఆడపిల్లలే. అడ్వాన్సులో సగమే తిరిగిచ్చాడు, అది వేరే కథ.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ నాంపల్లి స్టేషను దగ్గరే ఒక పాత సరాయి ఉంది. రైలు దిగిన పరదేశులు తలదాచుకోవడానికి ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ 1919లో కట్టించాడు. తర్వాత చాలా ఏళ్లు శిథిలమై పడి ఉంది. బ్రిటిష్ ఇండియాలో 1867లోనే సరాయిల చట్టం ఒకటి చేశారు. సరాయి నడిపేవాడు గదులు, నీళ్లు శుభ్రంగా ఉంచాలి, కాపలా మనిషిని పెట్టాలి, రేట్లు అందరికీ కనబడేలా రాసి పెట్టాలి అని అందులో ఉంది. మేం చూసిన కొన్ని లాడ్జిల్లో ఈ రోజుకీ రేట్ల బోర్డు లేదు!

జర్మనీలో రిచర్డ్ షిర్‌మన్ అనే బడిపంతులు ఉండేవాడు. 1909 ఆగస్టులో పిల్లలను కాలినడకన ఊళ్లు చూపించడానికి తీసుకెళ్తే దారిలో ఉరుములు మెరుపులతో వాన పట్టుకుంది. ఒక పల్లె బడిలో గడ్డి పరుచుకుని పడుకున్నారు. సెలవుల్లో బడులు ఖాళీగానే ఉంటాయి కదా, తిరిగే పిల్లలకు పడక ఇవ్వొచ్చు కదా అని ఆ రాత్రి ఆయనకు తోచిందట. 1912లో ఆల్టెనా కోటలో మొదలైన హాస్టలు అలా వచ్చిందే. ఈ రోజు ఎన్నో దేశాల్లో ఉన్న యూత్ హాస్టళ్లకు అదే మూలం. మన నగరంలోనూ వేసవిలో, పండగ సెలవుల్లో బడులు తాళాలేసుకునే ఉంటాయి. ఎవరైనా ఆలోచిస్తే బావుణ్ను.

రెండు సందులు తిరిగాక ఇంకో లాడ్జి దొరికింది. గోడలకు సున్నం పెచ్చులూడి ఉంది గానీ, కౌంటరులోని పెద్దాయన అడిగిన మొదటి ప్రశ్నతోనే ప్రాణం లేచొచ్చింది. “రూములు ఒక్కటే వరసల గావాల్నా అమ్మా?” రేటు అదే. పైగా అక్కడ ఇరవై నాలుగు గంటల లెక్క. చాలా హోటళ్లలో మనం ఎప్పుడు దిగినా మర్నాడు మధ్యాహ్నం పన్నెండుకు ఖాళీ చెయ్యాల్సిందే. మీరెవరైనా పిల్లలతో వెళ్తే ముందు ఇదొక్కటి అడగండి, సంచులు మోసుకుంటూ మ్యూజియం తిరిగే బాధ తప్పుతుంది. డబ్బు కట్టేముందు నేను ఏడు గదులూ తిరిగి ప్రతి తలుపుకూ లోపలి గొళ్లెం వేసి, బయటినుంచి తోసి చూశాను. ఒకటి వదులుగా ఉంది. గది మార్పించాను. మెట్ల పక్క గది మేం ముగ్గురం తీసుకున్నాం, ఎవరొచ్చినా మమ్మల్ని దాటే పోవాలని.

గోల్కొండ గురించి ఏం చెప్పను! బాలా హిస్సారు గుమ్మం కింద ఒక జట్టు చప్పట్లు కొట్టడం, కొండ మీదున్న జట్టు విని కేకలెయ్యడం. షో అయ్యాక తిరిగొచ్చి ఇంటి నుంచి తెచ్చిన సజ్జ రొట్టెలు, పల్లీల పొడి తిని పడుకున్నాం.

పడుకున్నామన్నది మాటవరసకి. రాత్రి పన్నెండు దాటాక ఏదో గదిలో నీళ్ల చప్పుడు. వెళ్లి చూస్తే పదో తరగతి పిల్ల బాత్రూంలో దుప్పటి ఉతుకుతోంది, చలికి వణుకుతూ. తేదీ ఇంకా వారం ఉందనుకుందట. “దుప్పటి ఖరాబైతే పైసలు కట్టాల్నేమో మేడం” అంది ఏడుపు ఆపుకుంటూ. నా సంచిలో ప్యాడ్‌లు ఉన్నాయి గానీ గదిలో మూత ఉన్న చెత్తబుట్ట లేదు. అన్ని గొళ్లేలు చూసుకున్నదాన్ని, అదొక్కటి చూసుకోలేదు. పొద్దున గదులు ఊడ్చే అవ్వ వచ్చి ఆ తడి దుప్పటి చూసి నవ్వింది. “గిదంత ఎందుకు బిడ్డా, రోజూ ఉతుక పోయేటియే గదా” అంటూ తీసుకెళ్లి, కాసేపటికి ఒక పాత బకెట్టు, దాని మీదికి ఒక పళ్లెం తెచ్చి పెట్టింది.

మర్నాడు సాలార్జంగ్ మ్యూజియంలో గంటకొట్టే గడియారం ముందు ఆ పిల్లే అందరికన్నా ముందు వరసలో కూర్చుంది.

ఈసారి మళ్లీ అనుకుంటున్నప్పుడు కార్ఖానా తండ్రి తనంతట తానే మా ఇంటికి వచ్చాడు. లాడ్జి చీటీ ఉంటే ఇమ్మన్నాడు. ఇచ్చాను. వారం తర్వాత బండల లారీ మీద హైదరాబాదు పోయినప్పుడు అక్కడికి వెళ్లొచ్చాడట. గుమ్మం దగ్గరే నిలబడి చెప్పాడు.

“చూసిన మేడం. గొళ్లేలు మంచిగనే ఉన్నయ్.”