గాలిలో అద్దెకున్న మైకు

1949లో ఇంగ్లండ్‌లోని బ్రైటన్ స్టేడియంలో అల్లావుద్దీన్ కథను మంచు మీద ఆడారు. నటులంతా కాళ్లకు స్కేట్లు కట్టుకుని జారుతూ తిరిగేవాళ్లే. మాంత్రికుడు అబనజార్ వేషగాడి దుస్తుల్లో రెజ్ మూర్స్ అనే యువకుడు చిన్న రేడియో ట్రాన్స్‌మిటర్ ఒకటి దాచాడు. వేషగాడు ఎటు జారినా అతని గొంతు స్పీకర్లలో వినిపించింది. వెంట తీగ లేదు. మూర్స్ తానూ స్కేటరే, బ్రిటిష్ వైమానిక దళంలో ఫ్లైట్ ఇంజినీరుగా పనిచేసినవాడు. ఇంత సాధించినా పేటెంటు జోలికి వెళ్లలేదు. ఆయన వాడిన 76 మెగాహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీకి అనుమతి లేదు మరి. బయటికి చెప్పుకుంటే నేరం ఒప్పుకున్నట్టే. ప్రదర్శన నిర్మాతలు కూడా ఆ పరికరాన్ని కొనసాగించలేదు. వేరే గాయకులు, నటులు చాటునుండి మాట్లాడుతుంటే స్కేటర్లు అభినయించే పద్ధతికే మొగ్గు చూపారు. 1947లో చేసిన తొలి నమూనాను మూర్స్ 1972లో లండన్ సైన్స్ మ్యూజియానికి ఇచ్చాడు.

ఈ యంత్రం జాతకమంతా ఆ పుట్టుకలోనే ఉంది. కార్డ్‌లెస్ మైకు అంటే జేబులో పట్టే రేడియో స్టేషను. గొంతును విద్యుత్ సంకేతంగా మార్చి, ఒక ఫ్రీక్వెన్సీ మీద ఎక్కించి గాలిలోకి వదులుతుంది. అవతల రిసీవరు దాన్ని అందుకుని, మైకులన్నిటి ధ్వనిని కలిపే మిక్సర్‌కు ఇస్తుంది. స్టేషనన్నాక గాలిలో చోటు కావాలి. టీవీకి, పోలీసు వైర్‌లెస్‌కు, సెల్‌ఫోన్లకు ప్రభుత్వాలు చోటు రాసిచ్చాయి. మైకుకు సొంత ఇల్లు కట్టించినవారు చాలా తక్కువ. ఎవరో ఖాళీగా వదిలిన గదిలో అద్దెకుండటం, యజమాని వస్తే సామాను సర్దుకోవడం, ఇదే దాని బతుకు. స్కూలు నాటకాల్లో సౌండు చూసే పిల్లలు పడే తిప్పల్లో చాలా భాగం ఈ అద్దె బతుకు తెచ్చిపెట్టినవే.

1953లో అమెరికాలోని షూర్ కంపెనీ కళాకారుల కోసం 'వాగబాండ్' అనే కార్డ్‌లెస్ మైకును మార్కెట్లోకి తెచ్చింది. లోపల 5 బుల్లి వాక్యూమ్ ట్యూబులు, వినికిడి యంత్రాల్లో వాడే బ్యాటరీలు రెండు. అది పనిచేసే వలయం సుమారు 700 చదరపు అడుగులు, అంటే నటుడు ఎటైనా 15 అడుగులు కదలవచ్చు. 1957-58 ప్రాంతంలో జర్మనీలో సెన్‌హైజర్ కంపెనీ తయారుచేసిన మైకు 37 మెగాహెర్ట్జ్ మీద దాదాపు 90 మీటర్ల దూరం పలికింది. ఆ ఫ్రీక్వెన్సీలో ఒక తరంగం పొడవు సుమారు 8 మీటర్లు. యాంటెన్నా తరంగంలో నాలుగో వంతుండాలన్నా 2 మీటర్ల తీగ కావాలి. తర్వాతి కాలపు మైకులు 500 మెగాహెర్ట్జ్ ప్రాంతానికి, అంటే టీవీ చానళ్ల మధ్య మిగిలిన సందుల్లోకి చేరాక తరంగం 60 సెంటీమీటర్లకు, యాంటెన్నా 15 సెంటీమీటర్లకు దిగాయి. నడుముకు కట్టుకునే బెల్టు ప్యాకు నుంచి జానెడు తీగ వేలాడితే సరిపోయింది.

ట్రాన్స్‌మిటర్ చిన్నదైతే చాలదు, మైకు కూడా చిన్నదవ్వాలి. ఆ పని అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనశాలలో జరిగింది. 1962లో జేమ్స్ వెస్ట్, గెర్‌హార్డ్ సెస్లర్ అనే ఇద్దరు పలచని ప్లాస్టిక్ పొరలో విద్యుదావేశాన్ని శాశ్వతంగా నిలిపే ఎలక్ట్రెట్ మైకును రూపొందించారు. అంతకుముందు కండెన్సర్ మైకు నడవాలంటే దాని పొరకు బయటినుంచి ఎక్కువ వోల్టేజీ అందిస్తూ ఉండాల్సిందే. ఇక్కడ ఆవేశం పొరలోనే ఉంటుంది, చిన్న బ్యాటరీ చాలు. చౌక, తేలిక, నాణ్యత మూడూ ఒకేచోట దొరికాయి. ఈనాడు పిల్లల నుదుటి మీద అతికించే మినప గింజంత మైకుకు మూలం అదే. కార్డ్‌లెస్ మైకు చరిత్రలో రేడియో వాళ్లకు దక్కిన పేరు ఈ ఇద్దరికి దక్కలేదని నా బాధ.

1964 నాటి 'మై ఫెయిర్ లేడీ' సినిమాలో నటుడు రెక్స్ హారిసన్ తన పాటలను కెమెరా ముందే పాడతానని పట్టుబట్టాడు. ఆయన టైలో కార్డ్‌లెస్ మైకు దాచి రికార్డు చేశారు. అయితే అప్పటికింకా ఈ మైకుల్లో బుసబుసమనే రొద వదల్లేదు. 1976లో నేడీ సిస్టమ్స్ కంపెనీ తెచ్చిన కంపాండర్ ఆ రొదను అణిచింది. పంపేటప్పుడు ధ్వనిలోని హెచ్చుతగ్గులను కుదించి, అందుకున్నాక మళ్లీ విప్పే సర్క్యూటది. విప్పేటప్పుడు నిశ్శబ్దంతోపాటు దారిలో కలిసిన రొద కూడా కిందికి పోతుంది. 1979లో గాయని కేట్ బుష్ నాట్యం చేస్తూ పాడటానికి చేతులు ఖాళీగా కావాలనడంతో, బట్టలు తగిలించుకునే తీగ హ్యాంగర్‌ను వంచి తలకు మైకు అమర్చారు. తలకట్టు మైకు అలా వేదికెక్కింది.

ఈ పరంపర అంతా ఇప్పుడు అమెరికన్ హైస్కూళ్ల సంగీత నాటకాల్లో కనిపిస్తుంది. వృత్తి రంగస్థలం వాడే సరుకునే అక్కడ పదహారేళ్ల పిల్లలు నడుపుతారు. అవసరం కూడా ఉంది. మన పద్యనాటకంలో వేదిక ముందు నిలబెట్టిన మైకు దగ్గరికి నటుడే నడిచి వచ్చి రాగం తీస్తాడు. పాడుతూ గంతులు వేసే పిల్లలకు అది కుదరదు. పైగా లేత గొంతు, కింద వాద్యబృందం. మైకు నోటికి మీటరు దూరంలో ఉండేదల్లా 10 సెంటీమీటర్లకు వస్తే అందే ధ్వని 20 డెసిబెల్స్ పెరుగుతుంది. అందుకే నుదుటి మీద జుట్టు మొదట్లోనో, చెంప మీదో టేపుతో అంటిస్తారు. చొక్కా మీద పెడితే గుడ్డ రాపిడి వినిపిస్తుంది, తల తిప్పినప్పుడల్లా గొంతు మారుతుంది. నుదుటి మైకుకు శత్రువు చెమట. అది రంధ్రంలోకి దిగితే గొంతు పూడుకుపోయినట్టవుతుంది.

ఇక ఫ్రీక్వెన్సీల లెక్క. దీన్ని పట్టించుకోకుండా మైకులు కొన్న స్కూళ్లు చివరికి మైకుల్నే తిడతాయి. రెండు ట్రాన్స్‌మిటర్లు దగ్గరికి వస్తే వాటి సంకేతాలు కలిసి మూడో చోట దయ్యాల్లాంటి కొత్త ఫ్రీక్వెన్సీలు పుడతాయి. 500.0, 500.6 మెగాహెర్ట్జ్ మైకులు పక్కపక్కన నిలిస్తే 499.4 దగ్గర ఒకటి, 501.2 దగ్గర ఒకటి లేస్తాయి. ఆ చోట మూడో పాత్రధారి మైకు ఉంటే సరిగ్గా కౌగిలింత సీనులో అతని గొంతు చిట్లిపోతుంది. జంటలుగా, మూడేసిగా కలిసేవి లెక్కిస్తే 3 మైకులకు ఇలాంటివి 9. 8 మైకులకు 224. అందుకే ఫ్రీక్వెన్సీలను సమాన దూరంలో పెట్టకూడదు. ఖాళీలు చూసి, లెక్క వేసి, ఎగుడుదిగుడుగా సర్దాలి.

రిహార్సల్లో చక్కగా పలికిన మైకు ప్రదర్శన రోజు మొరాయించడానికి కారణం సాధారణంగా జనమే. మనిషి ఒంట్లో నీళ్లెక్కువ, అవి ఈ తరంగాలను మింగేస్తాయి. రిసీవరు హాలు చివర, మిక్సర్ పక్కన ఉంటే మధ్యలో వందలమంది అడ్డు. యాంటెన్నాలను వేదిక పక్కకు చేర్చాలి. గోడలకు తగిలి వచ్చే తరంగం, నేరుగా వచ్చేది ఒకదాన్నొకటి చెరుపుకునే చోట ధ్వని పోతుంది కాబట్టి మంచి రిసీవర్లకు రెండేసి యాంటెన్నాలు ఉంటాయి. రెండింటిలో ఏది బాగా అందుకుంటే రిసీవరు దాన్ని తీసుకుంటుంది.

వీటన్నిటి తర్వాత మిక్సర్ ముందు కూర్చున్న విద్యార్థి. తెరిచి ఉన్న మైకులు రెట్టింపయిన కొద్దీ, స్పీకర్ ధ్వని మళ్లీ మైకులో దూరి కూత పెట్టకముందు మనకుండే వెసులుబాటు 3 డెసిబెల్స్ చొప్పున తగ్గుతుంది. 16 మైకులు ఒకేసారి తెరిస్తే ఒక్క మైకుతో పోలిస్తే 12 డెసిబెల్స్ పోయినట్టు. కాబట్టి ఎవరు మాట్లాడబోతున్నారో ముందే తెలిసి వారి ఫేడర్ (మైకు ధ్వనిని పెంచి తగ్గించే మీట) మాత్రమే లేపాలి, అయిపోగానే దించాలి. నాటకంలో ప్రతి అంకం, ప్రతి పంక్తి కంఠస్థం కావలసిన పని. మైకు చాలని చోట ఒకే బెల్టు ప్యాకు తెర చాటున పాత్ర నుంచి పాత్రకు మారుతుంది. ఆ మార్పిడి పట్టిక తప్పితే రాజు మాట సేవకుడి ఫేడర్‌లో వినిపిస్తుంది. ఈ పిల్లలను నటులతో సమానంగా నమస్కారానికి వేదిక మీదికి పిలవాలని నా అభిప్రాయం.

ఇంతలో అద్దె ఇంటి యజమానులు రానే వచ్చారు. అమెరికాలో చాలా స్కూళ్లు, చర్చిలు ఏళ్ల తరబడి లైసెన్సు లేకుండానే టీవీ సందుల్లో మైకులు నడిపాయి. 2010లో అక్కడి ప్రసార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ పరిమిత శక్తితో ఆ వాడకానికి అనుమతినిచ్చింది. అదే ఏడాది జూన్ 12 కల్లా 700 మెగాహెర్ట్జ్ బ్యాండు ఖాళీ చేయమంది. స్కూళ్లు కొత్త సెట్లు కొన్నాయి. 2017లో 600 మెగాహెర్ట్జ్ వేలం ముగిసింది, దాదాపు 2,000 కోట్ల డాలర్లకు ఆ గాలి ఫోన్ కంపెనీలది అయింది. 2020 జూలై 13 తర్వాత దానిలో ఎక్కువ భాగంలో మైకు నడపడం నేరం. పదేళ్లలో రెండుసార్లు, బాగా పనిచేసే పరికరాలు పనికిరానివైపోయాయి. అక్కడి తెలుగు సంఘాలు ఉగాదికి, సంక్రాంతికి అద్దెకు తీసుకునే హైస్కూలు ఆడిటోరియాల్లోనూ ఈ మార్పులు జరిగాయి.

మనకూ ఇది దూరపు కథ కాదు. 2022 వేలంలో జియో 700 మెగాహెర్ట్జ్ బ్యాండు కొంది, 5జీ దాని మీద నడుస్తోంది. ఆ బ్యాండులో పనిచేసే పాత కార్డ్‌లెస్ సెట్లు చౌకగా దొరికితే ఆశపడకండి. హాలు నిండా ఫోన్లున్న వార్షికోత్సవం రోజునే అవి మొరాయిస్తాయి. స్కూలుకు కార్డ్‌లెస్ మైకులు కొనే ప్రధానోపాధ్యాయులు, తల్లిదండ్రుల కమిటీలు దుకాణంలో ధర కంటే ముందు మూడు విషయాలు అడగండి: ఏ ఫ్రీక్వెన్సీల మధ్య పనిచేస్తుంది, ఆ ఫ్రీక్వెన్సీ మనదేశంలో వాడవచ్చా, ఒకేసారి ఎన్ని మైకులు కలిసి నడుస్తాయి. ఆ జవాబులు రాసి ఇవ్వని దుకాణం దగ్గర కొనవద్దు.