పాత రసవాది, కొత్త రసవాది

దసరా సెలవులకు మా పిల్లలిద్దరూ వస్తే మొదటి రెండు రోజులూ యిల్లు కళకళలాడుతూ వుంటుంది. మూడోనాటికి పోట్లాట మొదలవుతుంది. ఆస్తి కోసం కాదు, అరిసెల కోసం అంతకన్నా కాదు. ఒక జపాను బొమ్మల కథ కోసం!

వీళ్ళు నా చెల్లెలి పిల్లలు. 2004లో చెల్లెలు పోయేనాటికి పెద్దవాడికి 11 యేళ్ళు, చిన్నవాడికి 4. అప్పటినుంచీ నా దగ్గరే పెరిగారు. పెద్దవాడు ఇంటరు చదివేటప్పుడు లెక్కల పుస్తకం మూసి కంప్యూటరు ముందు కూర్చుని చూసినది ‘ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్’. చిన్నవాడు అదే వయసుకు వచ్చి చూసిన దానికి అదే పేరు, చివర ‘బ్రదర్‌హుడ్’ అనే తోక అదనం. కథ ఒకటే, తీసిన కంపెనీ కూడా ఒకటే. బోన్స్ అని దాని పేరు. అయినా పెద్దవాడు పాతదే కథ అంటాడు, చిన్నవాడు కొత్తదే అసలు కథ అంటాడు. “పెద్దమ్మా, నువ్వు చెప్పు” అని యిద్దరూ నా మీద పడ్డారు. చూడకుండా తీర్పు చెప్పడం నాకు చేతకాదు. పాతది 51 భాగాలు, కొత్తది 64. మధ్యాహ్నం పడక మానుకుని, కింద పడే ఇంగ్లీషు అక్షరాలు చదువుకుంటూ, యేడాదిలో రెండూ పూర్తిచేశాను.

(చూడబోయేవారుంటే ఒక్కమాట. నేను కథంతా చెప్పేస్తున్నాను. తరువాత నన్ను తిట్టి లాభం లేదు.)

ఈ కథ వ్రాసి బొమ్మలు వేసినావిడ హిరోము అరకావా. జపానులో ఉత్తరాన వున్న హొక్కైడో దీవిలో, పాడిపశువుల మధ్య పెరిగిన మనిషి. 2001లో ఒక మాసపత్రికలో బొమ్మల సీరియల్‌గా మొదలుపెట్టింది. ఎడ్వర్డు, ఆల్ఫాన్సు అన్నదమ్ములు. తండ్రి యిల్లు విడిచి యెటో పోయాడు. తల్లి జబ్బు చేసి పోయింది. పిల్లలకు రసవాదం తెలుసు. ఒక వస్తువును విడదీసి యింకొక వస్తువుగా కట్టే విద్య అది. దానికి నియమం ఒకటే: యెంత యిస్తే అంతే దక్కుతుంది. ఆ పసివాళ్ళు మనిషి ఒంట్లో వుండే సరుకంతా లెక్కకట్టి, నీరు 35 లీటర్లు, కర్బనం 20 కిలోలు, సున్నం, ఉప్పు అన్నీ తూచి పోసి, తల్లిని బ్రతికించుకోబోతారు. తల్లి రాదు సరిగదా, పెద్దవాడి కాలు పోతుంది, చిన్నవాడి ఒళ్ళే పోతుంది. అప్పుడు అన్న తన కుడిచెయ్యి కూడా యిచ్చేసి, తమ్ముడి ప్రాణాన్ని ఒక యినుప కవచానికి కట్టి నిలుపుతాడు. పోయిన ఒళ్ళు వెతుక్కుంటూ యిద్దరూ దేశం మీద పడతారు.

మరి ఒకే కథను ఒకే కంపెనీ రెండుసార్లు యెందుకు తీసింది? వారం వారం సీరియల్ కోసం యెదురుచూసే మీకు యీ చిక్కు యిట్టే బోధపడుతుంది. పత్రికలో కథ నెలకొకసారి వస్తుంది, టెలివిజనులో వారానికొకసారి. 2003 అక్టోబరులో టెలివిజనులో మొదలయ్యేనాటికి పత్రికలో కథ సగానికి కూడా రాలేదు. కొన్నాళ్ళకే బండి వెళ్ళి యెద్దును దాటిపోయింది! ముగింపు మీరే చూసుకోండని రచయిత్రి ముందే వదిలివేయడం వల్ల, దర్శకుడు సెయిజీ మిజుషిమా, రచయిత షో ఐకావా తమ దారిన తాము కథ నడిపించి 2004 అక్టోబరులో ముగించారు. తరువాత పత్రికలో కథ చివరికి వస్తూండగా, 2009 ఏప్రిలులో యసుహిరో ఇరియె దర్శకత్వాన మొదటినుంచి మళ్ళీ తీయడం మొదలుపెట్టారు. 2010 జూనులో పత్రికలో ఆఖరి అధ్యాయం పడింది, జూలై 4న టెలివిజనులో ఆఖరి భాగం వచ్చింది.

ఇట్టివి జపానులో చాలానే వున్నాయట. ‘ఫ్రూట్స్ బాస్కెట్’ను 2001లో 26 భాగాలతో నిలిపివేసి, 2019 నుంచి 2021 దాకా గొంతులన్నీ మార్చి 63 భాగాలుగా మళ్ళీ తీశారు. ‘డ్రాగన్ బాల్ జెడ్’ది తద్విరుద్ధం. పుస్తకం కోసం ఆగలేక, దాన్ని దాటలేక, చూపులతోనే భాగాలు గడిపి 291 చేశారు. ఆ సాగదీతంతా కత్తిరించి 2009లో ‘కై’ అనే పేరుతో మళ్ళీ వేశారు. మనకు మాత్రం కొత్తా? 1934లో తీసిన ‘లవకుశ’ను సి. పుల్లయ్యగారే మళ్ళీ రంగుల్లో తలపెట్టగా, కుమారుడు సి. ఎస్. రావుగారు పూర్తిచేసి 1963లో విడుదల చేశారు. రెండూ చూసిన మా అమ్మమ్మ, కొత్తదానికి కళ్ళనీళ్ళు పెట్టుకుంటూనే పాతదే బాగుందనేది.

తీర్పు మాటకు వస్తాను. కొత్తది మూలానికి కట్టుబడింది. ముడులన్నీ విప్పింది, చివరకు అన్నదమ్ములిద్దరినీ యింటికి చేర్చింది. కాని మొదటి పది భాగాలూ పరుగే పరుగు. పాతవి అందరూ చూశారు గదా అనుకున్నారు కాబోలు. నీనా అని ఒక చిన్నపిల్ల వున్నది. ఆమె తండ్రి తన పేరు నిలుపుకోవడానికి కన్నకూతుర్నీ పెంపుడు కుక్కనూ కలిపి ఒక జంతువును చేస్తాడు. పాతదానిలో ఆ పిల్లతో మనం కొన్నాళ్ళు కాపరం వుంటాము. అన్నదమ్ములు ఆమె యింట్లో చదువుకుంటారు, ఆడుకుంటారు. అందుచేత ఆ రాత్రి నేను అన్నం తినలేకపోయాను. కొత్తదానిలో అంతా ఒక్క భాగంలో అయిపోతుంది. అయ్యో అన్నాను, కాఫీ తాగాను. అల్లాగే హ్యూస్ అనే లెఫ్టినెంట్ కర్నలు. కనపడ్డవారందరికీ జేబులోంచి కూతురి ఫొటోలు తీసి చూపించే మంచి మనిషి. కొత్తదానిలో పదో భాగానికే పోతాడు. పాతదానిలో ఇరవై అయిదు దాకా వుంటాడు. మనిషి పోవడం తెలియాలంటే ముందు అతను మనింట్లో మసలాలి.

కాని పిల్లల పోట్లాట అసలు వీటిని గురించి కాదని నాకు ఆలస్యంగా తెలిసింది.

పాతదానిలో, పోయినవారిని బ్రతికించబోయి విఫలమైనప్పుడల్లా ఒక కృత్రిమ జీవి పుడుతుంది. ఈ అన్నదమ్ములు చేసిన జీవి పెరిగి పెద్దదై, అచ్చు తల్లి ముఖంతో శత్రువుల పక్షాన యెదురవుతుంది. చేసినవాళ్ళే దానిని చంపాలి. దాని ఒళ్ళు నీటిమయం. ఎడ్వర్డు ఆ నీటిని సారాయిగా మార్చేస్తాడు. ఆవిడ గాలిలో ఆవిరైపోతుంది.

కొత్తదానిలో, అంటే అరకావా వ్రాసినదానిలో, ఆ సంగతే లేదు. ఎడ్వర్డు వానలో, పొరుగింటి ముసలమ్మ సాయంతో, తాము చేసినదానిని పూడ్చినచోట తవ్వుతాడు. జుట్టు తల్లిది కాదు, నల్లగా వుంది. తొడ ఎముక పొడుగు కలవలేదు. అది అసలు అమ్మే కాదు. తాము తల్లిని రెండోసారి చంపలేదు. ఆ బురదలో కూర్చుని ఆ పిల్లవాడు నవ్వుతాడు.

“అది చూశాకే నాకు నిద్ర పట్టింది పెద్దమ్మా” అన్నాడు చిన్నవాడు. వాడికి తల్లి ముఖం గుర్తు లేదు. ఫొటోలో చూసినదే.

పెద్దవాడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, “నాకు ఆ ముఖం కావాలి. శత్రువైనా సరే, కాసేపు కనపడింది గదా” అన్నాడు.

నేను తీర్పు చెప్పలేదు. కథగా కొత్తదే గట్టిదని నా వుద్దేశం. ముగింపు తెలిసి తీసినదానికి వుండే నిబ్బరం దానికి వున్నది. కాని ముగింపు తెలియనివాళ్ళు తీశారు కనుకనే పాతదానిలో ఆ తల్లి అల్లా వచ్చి నిలబడగలిగింది. ఈ మాట యిక్కడ వ్రాస్తున్నాను గాని, ఆనాడు వాళ్ళ ముందు అనలేదు.

మర్నాడు చిన్నవాడే పాతది పెట్టమన్నాడు. ఎడ్వర్డుకు రోమి పాకు, ఆల్ఫాన్సుకు రియె కుగిమియా, రెండింటిలోనూ ఆ ఆడవాళ్ళిద్దరే గొంతులిచ్చారు. కనుక మొదటి భాగం మొదలుకాగానే, “వీళ్ళే!” అని సర్దుకు కూర్చున్నాడు. సెలవులు అయ్యేసరికి ముప్ఫయ్యో భాగం దాటింది. తల్లి ముఖంతో ఆవిడ తెర మీదికి వచ్చినప్పుడు వాడు బొమ్మ ఆపి, “అన్నయ్యా, అమ్మ గొంతు యెల్లా వుండేది?” అని అడిగాడు.

పెద్దవాడు నా వంక చూశాడు. కాస్త బొంగురుగా వుండేదని, పాడమంటే సిగ్గుపడేదని నేను చెప్పాను. వాడు మళ్ళీ బొమ్మ నడిపించాడు. మిగిలిన భాగాలు సంక్రాంతికి. అంతవరకు యెవరూ ముందుకు చూడకూడదని ముగ్గురం ఒట్టు పెట్టుకున్నాము.