జీరో బల్బు కథ

ఖరగ్‌పూర్‌లో సుభాష్‌పల్లి లాంటి పేటల్లో రాత్రికీ పగటికీ హద్దు గడియారం పెట్టదు, డ్యూటీ పెడుతుంది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి కోస్తా జిల్లాల తెలుగువాళ్లు ఈ రైల్వే పట్నానికి వలసొచ్చి స్థిరపడ్డారు. ఒకరు క్యారేజీ పట్టుకుని నైట్ డ్యూటీకి బయల్దేరితే, ఇంకొకరు షిఫ్టు దిగి తలుపు తడతారు. అలాంటి ఇంట్లో పసిబిడ్డ మీద పెద్ద లైటు పడకుండా గడియ, నీళ్ల చెంబు కనిపించేలా చేసింది జీరో బల్బే.

దానికి ముందు ఆ పని కిరసనాయిలు బుడ్డిది. పొగ, మసి, పక్క అంటుకుంటుందేమోనన్న బెంగ! చిన్న గాజుబుడగలో టంగ్‌స్టన్ తీగ వచ్చాక ఆ బెంగ తీరింది. పేరుకు జీరో వాట్ గానీ అది 12 నుంచి 15 వాట్ల కరెంటు తాగేది. అంత కొద్ది కరెంటుకు పాతకాలపు చక్రం మీటరు సరిగా తిరిగేది కాదు కాబట్టి బిల్లులో కనిపించేది కాదు. 15 వాట్ల బల్బు రోజుకు పది గంటలు వెలిగితే నెలకు నాలుగున్నర యూనిట్లు. ఇప్పటి అర వాట్ ఎల్‌ఈడీకి అదే నెలంతా కలిపి 0.15 యూనిట్ చాలు.

ఈ ఆదాతో పాటు రంగు విషయంలో ఒక చిక్కూ వచ్చింది.

రైలు పెట్టెలో రాత్రిపూట నీలం దీపం వెలగడం రైల్వే కుటుంబాలకు చిన్నప్పటి నుంచీ అలవాటైన దృశ్యం. ఇళ్లలోనూ నీలం, ఆకుపచ్చ జీరో బల్బులే ఎక్కువగా పెట్టుకునేవారు. తీగ బల్బు వెలుగులో నీలం పాలే తక్కువ. రంగు గాజు మిగతా రంగులను ఆపేస్తే బయటికొచ్చేది కొంచెమే. నీలం ఎల్‌ఈడీ అలా కాదు. 2014లో అకాసాకి, అమానో, నకమురాలకు నోబెల్ తెచ్చిన ఆ దీపం దాదాపు 460 నానోమీటర్ల దగ్గర సూటిగా వెలుగుతుంది. కంటిలో మెలనాప్సిన్ అనే పదార్థం ఉంటుంది, దాన్ని 1998లో ఇగ్నాసియో ప్రొవెన్సియో బృందం మొదట కప్పల్లో గుర్తించింది. అది అన్నిటికన్నా బాగా స్పందించేది 480 దగ్గరి వెలుగుకే. ఆ వెలుగు తగిలితే మెదడుకు పగలన్న కబురు వెళ్తుంది, నిద్రవేళ ఊరే మెలటోనిన్ తగ్గిపోతుంది. కొలరాడోలో మూడు నుంచి ఐదేళ్ల పిల్లలపై చేసి 2022లో వెలువరించిన అధ్యయనంలో, నిద్రకు ముందు గంటసేపు పడిన మసక వెలుగుకే మెలటోనిన్ బాగా పడిపోయింది. చంటిబిడ్డలను అందులో పరీక్షించలేదు. ఈ తేడా మరిచి బాలింతలను భయపెట్టడం తగదు.

అలాంటి భయం ఒకసారి ప్రపంచమంతా పాకింది. రెండేళ్లలోపు దీపం వెలుగులో పడుకున్న పిల్లల్లో హ్రస్వదృష్టి ఎక్కువని 1999లో 'నేచర్' పత్రికలో పెన్సిల్వేనియా పరిశోధకులు రాశారు. మరుసటి ఏడే వేరే బృందాలు వెతికితే ఆ సంబంధం దొరకలేదు. హ్రస్వదృష్టి ఉన్న తల్లిదండ్రులే పిల్లల గదిలో దీపం ఎక్కువగా ఉంచుతున్నారని తేలింది. పిల్లలకు కళ్లజోడు వంశంలోంచే రావచ్చు, దీపంలోంచి రానక్కర్లేదు.

పుట్టిన కొత్తలో బిడ్డకు రాత్రీ పగలూ తెలియవు. సొంత మెలటోనిన్ లయ రెండు మూడు నెలలకు గానీ కుదరదు. ఆలోగా రాత్రివేళ తల్లిపాలలోనే కొంత మెలటోనిన్ అందుతుంది. చీకటికి జడిసే వయసూ కాదది. కాబట్టి నిద్రపోయే బిడ్డకు దీపంతో పనిలేదు, అది కావలసింది పాలిచ్చే తల్లికి, గుడ్డలు మార్చే అమ్మమ్మకు. వాళ్ల కోసం ఎరుపు లేదా నారింజ రంగు చిన్న ఎల్‌ఈడీని బిడ్డ కంటికి సూటిగా తగలకుండా, మంచం ఎత్తుకన్నా కిందుండే ప్లగ్గుకు పెట్టి, పని కాగానే ఆర్పేస్తే సరిపోతుంది. నైట్ డ్యూటీ చేసొచ్చిన తండ్రి పగలు పడుకోవాలని కిటికీలన్నీ మూసేసే ఇళ్లలో మాత్రం బిడ్డను పొద్దున్నే వెలుతురున్న వేరే గదిలోకో వసారాలోకో తీసుకెళ్లాలి. లయ కుదరడానికి రాత్రి చీకటి ఎంత అవసరమో పగటి వెలుగూ అంతే అవసరం.