గూడుబండి

గూడుబండి ఎడ్లబండిలో ఒక రకం. బండి తొట్టిపై వెదురు బద్దలను విల్లులా వంచి కట్టి, వాటిపై చాపనో తడికనో కప్పి గూడు ఏర్పరచడం వలన దీనికి ఈ పేరు వచ్చింది. సరుకులు మోసే మామూలు బండికి భిన్నంగా, మనుషులు కూర్చొని ప్రయాణించడానికి, దూరప్రయాణాలలో రాత్రివేళ పడుకోవడానికి అనువుగా దీనిని సిద్ధం చేసుకొనేవారు. సవారీ బండి అని కూడా అంటారు. బస్సులు, కార్లు వాడుకలోకి రాకముందు తెలుగు పల్లెలలో పెళ్ళివారు, తీర్థయాత్రికులు, పుట్టింటికి వెళ్ళే ఆడపడుచులు ఎక్కువగా ఈ బండిలోనే ప్రయాణించేవారు. వడ్రంగి, కమ్మరి తయారు చేసి ఇచ్చినప్పటికీ దాని ఆలనాపాలనా చాలావరకు యజమాని చేతిమీదనే జరిగేది. ఈ వ్యాసం ముఖ్యంగా ఆ నిర్వహణను, కాలక్రమంలో బండికి జరిగిన మార్పులను వివరిస్తుంది.

మాడుగుల ప్రాంతంలో

మాడుగుల తూర్పు కనుమల పాదాన ఉన్న మండల కేంద్రం. పూర్వం జమీందారీ కేంద్రం. హల్వాకు ప్రసిద్ధి పొందినది. 2022 ఏప్రిల్ 4 వరకు విశాఖపట్నం జిల్లాలో ఉండి, ఆనాటి నుండి అనకాపల్లి జిల్లాలో భాగమైంది. మైదానానికీ మన్యానికీ నడుమ ఉన్న ఈ ప్రాంతంలో బండి ప్రయాణానికి రెండు రకాల దారులున్నాయి. ఒకటి వడ్డాది, చోడవరం మీదుగా అనకాపల్లి వైపు పోయే చదునైన దారి. రెండవది పాడేరు వైపు పోయే కొండదారి. చదును నేలమీద సుఖంగా నడిచే బండి కొండవాలులో ప్రమాదకరం కావచ్చు. కనుక ఇక్కడి బండి యజమానికి ఇరుసు, కాడి, నిలుపుదల గురించిన తెలివిడి తప్పనిసరి అవసరం.

విజయవాడ, కటక్‌ల మధ్య తూర్పు తీర రైలుమార్గం 1893-96 మధ్య వేయబడింది. తరువాత అనకాపల్లి రైలుస్టేషన్ నుండి లోపలి గ్రామాలకు చేరడానికి చాలాకాలం బండ్లే ఆధారం. బెల్లం, చెరకు మోయడానికి మామూలు బండ్లు వాడితే, కొత్త అమావాస్యకు అనకాపల్లి నూకాంబిక జాతరకు, వైశాఖ శుద్ధ తదియనాడు సింహాచలం చందనోత్సవానికి, శివరాత్రికి వరాహనది ఒడ్డున ఉన్న బలిఘట్టానికి వెళ్ళే కుటుంబాలు అదే బండికి గూడు కట్టుకొని బయలుదేరేవి. చాలా ఇళ్ళలో గూడుబండి వేరుగా ఉండేది కాదు. ఉన్న బండికే అవసరాన్నిబట్టి గూడు ఎక్కించి, పని అయ్యాక దించేవారు.

ముఖ్య భాగాలు

* చక్రం: నడుమ కుండ, దాని నుండి బయలుదేరే ఆకులు, ఆకుల చివరలను కలిపే పూటీలు, వాటి చుట్టూ ఇనుప పట్టా. సాధారణంగా ఒక చక్రానికి 6 పూటీలు, పూటీకి రెండు చొప్పున 12 ఆకులు ఉంటాయి.
* ఇరుసు: రెండు చక్రాలను కలిపే కడ్డీ. బండి బరువంతా దీనిపైనే ఉంటుంది.
* కడసీల: చక్రం ఇరుసు నుండి జారిపోకుండా చివర దిగగొట్టే ఇనుప మేకు.
* నొగలు: తొట్టి కింది నుండి ముందుకు సాగి కాడి దగ్గర కలిసే పొడవైన మ్రానులు.
* కాడి: ఎడ్ల మెడపై నిలిచే అడ్డమాను.
* తొట్టి, గూడు: ప్రయాణికులు కూర్చునే భాగం, దాని పైకప్పు. అడుగున ఎండుగడ్డి పరచి, పైన బొంతో జంపఖానానో వేసేవారు. ఆ గడ్డి కుదుపును తగ్గించేది, దారిలో ఎడ్లకు మేతగానూ పనికివచ్చేది.

చక్రాలకు ఎక్కువగా నల్లతుమ్మ కర్రను వాడతారు. గట్టిదనంతోబాటు దెబ్బను ఓర్చుకొనే గుణం దీనికి ఉంది.

నిర్వహణ

కందెన

ఇరుసుకు, కుండలోని ఇనుప గొట్టానికి మధ్య రాపిడిని తగ్గించడానికి పూసే జిడ్డు పదార్థాన్ని కందెన అంటారు. ఎండుగడ్డిని కాల్చిన మసిని ఆముదంతో కలిపి నూరి దీనిని తయారు చేసేవారు. ఆముదం చిక్కనిది కనుక వేడికి త్వరగా కారిపోదు. మసి దానిని పట్టి ఉంచుతుంది. వెదురు గొట్టంలో కందెన నింపి బండి కింద వేలాడదీయడం దూరప్రయాణికుల అలవాటు.

కందెన వేసేటప్పుడు ఎడ్లను విప్పి, బండికి ఊతకర్ర పెట్టి, కడసీల తీసి, చక్రాన్ని కొంతమేర బయటికి లాగుతారు. పాత కందెనను గుడ్డతో పూర్తిగా తుడిచిన తరువాతనే కొత్తది పూయాలి. ఇసుక కలిసిన పాత కందెనపై కొత్తది పూస్తే అది సానరాయిలా పనిచేసి ఇరుసును అరగదీస్తుంది. వాగు దాటిన తరువాత కందెనను తప్పక పరీక్షించాలి. కందెన వేయని బండికి కావలసినంత సంగీతం అనే సామెత అందరికీ తెలిసినదే. ఆ సంగీతం వినిపించే సమయానికే ఇరుసు అరుగుదల మొదలై ఉంటుంది, ఎడ్ల శ్రమ పెరిగి ఉంటుంది.

పట్టా వేయడం

చక్రం అతుకులన్నిటినీ బిగించి ఉంచేది ఇనుప పట్టా. దీనిని చక్రం చుట్టుకొలత కన్నా కొద్దిగా చిన్నదిగా తయారు చేస్తారు. నేలపై పిడకలు పేర్చి, వాటి మధ్య పట్టాను ఎర్రగా కాల్చి, పట్టకార్లతో ఎత్తి చక్రంపై దిగగొడతారు. వెంటనే నీళ్ళు పోస్తే పట్టా ముడుచుకొని పూటీలను, ఆకులను కుండ వైపు బిగిస్తుంది. ఇది ఉష్ణ వ్యాకోచానికి చక్కని ఉదాహరణ. ఒకటిన్నర మీటర్ల వ్యాసం గల చక్రానికి చుట్టుకొలత సుమారు 4.7 మీటర్లు. ఇనుము ఒక డిగ్రీ సెల్సియస్ వేడికి తన పొడవులో సుమారు పదిలక్షలవ వంతులు 12 పెరుగుతుంది. ఆ లెక్కన 500 డిగ్రీలు వేడెక్కిన పట్టా దాదాపు 28 మిల్లీమీటర్లు సాగుతుంది. ఈ కొద్ది తేడాయే చక్రాన్ని ఏళ్ళ తరబడి పట్టి ఉంచుతుంది.

వేసవిలో కర్ర ఆరి కుంచించుకుపోవడం వలన పట్టా వదులవుతుంది. చక్రాన్ని వేలితో తట్టినపుడు ఖంగున మోగక బొదబొదమనడం, పూటీల సందులు కనబడడం దీనికి గుర్తులు. చక్రాలను ఊడదీసి చెరువులో నానవేస్తే కర్ర ఉబ్బి బిగుస్తుంది. అయితే ఇది తాత్కాలికమైన ఉపాయం మాత్రమే. పట్టా బాగా వదులైతే కమ్మరి దగ్గర దానిని కొంత కోసి, తిరిగి అతికించి వేయించక తప్పదు.

గూడు

గూడులో మొదట పాడయ్యేది కట్లు. వాననీరు నిలిచే చోట తాళ్ళు కుళ్ళుతాయి, వెదురుకు పురుగు పడుతుంది. ప్రయాణం ముగిసిన వెంటనే గూడును దించి, ఎండబెట్టి, నేలకు తగలకుండా చూరుకు వేలాడదీయడం మంచి పద్ధతి. ప్రయాణానికి ముందు గూడులో కూర్చొని వెలుగు కనబడే చోట్లను గుర్తించి చాపను సరిచేస్తారు.

బరువు తూకం

రెండు చక్రాల బండి ఒక త్రాసు వంటిది. ఇరుసు దానికి ముల్లు. బరువు ముందుకు పడితే కాడి ఎడ్ల మెడను అణుస్తుంది. వెనుకకు పడితే కాడి పైకి లేచి, మెడ కింద కట్టిన తాడు గొంతుకు బిగుస్తుంది. సరిగా సర్దిన బండిలో కాడిపై స్వల్పంగా మాత్రమే బరువు ఉండాలి. అందరూ ఎక్కి కూర్చున్న తరువాత, ఎడ్లను కట్టక ముందు, ఒక మనిషి కాడిని అవస్థ పడకుండా ఎత్తగలిగితే తూకం కుదిరినట్లు భావించవచ్చు. కాడి కింద గరుకుతనం ఉన్నా, తూకం తప్పినా ఎద్దు మెడ వాచి పుండు పడుతుంది. మెడపుండు ఉన్న ఎద్దును అది మానేవరకు కాడికి కట్టకూడదు.

పాశ్చాత్య దేశాలలో కారు వెనుక తగిలించుకొని పోయే ప్రయాణ ట్రైలర్లకు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. అమెరికాలో ట్రైలరు మొత్తం బరువులో 10 నుండి 15 శాతం కారు కొక్కెంపై పడేటట్లు సామాను సర్దాలని చెబుతారు. అంతకు తగ్గితే ట్రైలరు అటూ ఇటూ ఊగుతుంది. కారు విషయంలో కొంత బరువు అవసరం. ఎద్దు విషయంలో ఆ బరువును మోసేది ప్రాణమున్న మెడ అన్నది మరువరాదు.

ఆధునికీకరణ

రబ్బరు టైర్లు, బేరింగులు

20వ శతాబ్దంలో బండికి జరిగిన పెద్ద మార్పు గాలి నింపిన రబ్బరు టైర్లు. ఇటువంటి బండిని టైరు బండి అంటారు. ఎడ్లబండ్ల కోసం 6.00-19, 8.00-19 వంటి కొలతలలో టైర్లు ప్రత్యేకంగా తయారయ్యాయి. పాత జీపు, లారీ టైర్లను అమర్చుకొన్నవారూ ఉన్నారు. కర్రచక్రం పట్టా తారురోడ్డును కోస్తుంది, మెత్తని నేలలో దిగబడుతుంది. రబ్బరు టైరుకు ఈ రెండు ఇబ్బందులూ తక్కువ, కుదుపూ తక్కువ. బెంగుళూరులోని భారతీయ నిర్వహణ సంస్థకు వ్యవస్థాపక డైరెక్టరైన ఎన్.ఎస్.రామస్వామి ఎడ్లబండ్ల మెరుగుదల గురించి దశాబ్దాలపాటు కృషిచేసి, ఈ విషయాన్ని దేశవ్యాప్తంగా చర్చకు తెచ్చారు.

టైరు బండికి కందెన బదులు బేరింగులలో గ్రీజు ఉంటుంది. వానాకాలం ముగిశాక ఏటా ఒకసారి బేరింగులను విప్పి, కిరసనాయిలుతో కడిగి, ఆరనిచ్చి, కొత్త గ్రీజు కూరాలి. నట్టును చక్రం బరువుగా తిరిగేవరకు బిగించి, తరువాత కొద్దిగా వదులు చేసి పిన్ను పెట్టాలి. చక్రాన్ని పైకెత్తి పైనా కిందా పట్టుకొని ఊపినపుడు ఆట ఉండకూడదు, తిప్పినపుడు గరగర శబ్దం రాకూడదు. టైరులో గాలి తగ్గితే లాగుడు బరువెక్కుతుంది. ఆ బరువు బండి తోలేవానికి తెలియదు, ఎడ్లకు తెలుస్తుంది.

బ్రేకు

కర్రచక్రం రాపిడి వలన బండి తనంతట తాను కొంత నిలదొక్కుకొంటుంది. బేరింగులు గల టైరు బండి అలా కాదు. వాలులో తేలికగా దొర్లి ఎడ్లను వెనుక నుండి నెడుతుంది. కనుక టైర్లు మార్చిన బండికి బ్రేకు అమర్చడం అలంకారం కాదు, అవసరం. ఇరుసుకు వెనుక అడ్డకర్రను అమర్చి, తాడు లాగినపుడు అది రెండు టైర్లకూ ఒత్తుకొనేటట్లు చేయడం సులభమైన పద్ధతి. పాడేరు దారి వంటి వాలులలో బ్రేకు లేని టైరు బండిని దింపరాదు.

కప్పు, దీపాలు

చాపల స్థానంలో టార్పాలిన్ గుడ్డ వచ్చింది. ఇది వానకు మేలు గాని ఎండకు లోపల ఉక్కపోస్తుంది. అందుకే కింద చాప, పైన టార్పాలిన్ వేసి రెంటి మధ్య గాలి ఆడే సందు వదలడం ఉత్తమం. రాత్రివేళ ఇరుసు కింద లాంతరు వేలాడదీయడం పూర్వపు ఆచారం. వేగంగా పోయే వాహనాలున్న నేటి రోడ్డుపై అది చాలదు. బండి వెనుక ఎర్రని మెరుపు పట్టీలు అంటించడం, కొమ్ములకు మెరిసే రంగు వేయడం ప్రాణరక్షణకు అవసరమైన చవకైన మార్పులు.

చట్టపరమైన పరిమితులు

1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద 1965లో వచ్చిన నియమాలు బండి లాగే పశువులకు పరిమితులు విధించాయి. 200 నుండి 350 కిలోల బరువుగల మధ్యరకం ఎద్దు లాగే రెండు చక్రాల బండికి పరిమితి ఇలా ఉంది:

* గాలి టైర్లు లేనిది: 700 కిలోలు
* గాలి టైర్లు ఉన్నది: 1,050 కిలోలు
* బాల్ బేరింగులు ఉన్నది: 1,400 కిలోలు

కిలోమీటరుకు తగ్గని ఎక్కుడు దారిలో, 30 మీటర్లకు 3 మీటర్లు మించిన వాలు ఉంటే ఈ పరిమితి సగానికి తగ్గుతుంది. రోజుకు 9 గంటలకు మించి, విశ్రాంతి లేకుండా వరుసగా 5 గంటలకు మించి పని చేయించరాదు. ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటే ప్రాంతాలలో మధ్యాహ్నం 12 నుండి 3 వరకు బండి కట్టరాదు.

ఎడ్ల శ్రమ తగ్గించడానికి వచ్చిన టైర్లు, బేరింగులు చాలాచోట్ల ఎక్కువ బరువు వేయడానికి సాకుగా మారాయి. అటువంటి మార్పు వలన బండి మెరుగుపడిందే గాని ఎద్దు బ్రతుకు మెరుగుపడలేదు.

ఇతర దేశాలలో

ఇంటి వసతులతో కూడిన బండిలో విహారయాత్ర చేయడం ఇంగ్లండులో గుర్రపుబండ్లతో మొదలైంది. విలియం గోర్డన్ స్టేబుల్స్ అనే వైద్యుడు 1885లో వాండరర్ అనే బండిని చేయించుకొని దేశమంతా తిరిగాడు. దానిని విహారయాత్రకే ప్రత్యేకంగా తయారైన తొలి బండ్లలో ఒకటిగా పరిగణిస్తారు. తరువాత గుర్రాల స్థానంలో కార్లు వచ్చాయి. ఆ ట్రైలర్ల యజమానులు నేటికీ చేసుకొనే పనులు గూడుబండి యజమాని పనులే. బేరింగులకు గ్రీజు, కప్పు కారకుండా చూడడం, టైర్లలో గాలి, బరువు తూకం అక్కడా ముఖ్యమైనవే.

ప్రస్తుత స్థితి

ట్రాక్టర్లు, ఆటోలు వచ్చిన తరువాత గూడుబండ్లు అరుదైనాయి. బండికన్నా ముందు కనుమరుగవుతున్నది దానిని బాగుచేసే విద్య. కర్రచక్రం చేసే వడ్రంగి, పట్టా వేసే కమ్మరి ఇద్దరూ కలిస్తే గాని ఒక చక్రం తయారు కాదు. వారిలో ఏ ఒక్కరి పని ఆగినా రెండవవారి పనీ ఆగిపోతుంది. ఈ విద్య గ్రంథాలలో కన్నా చేతులలోనే ఎక్కువగా నిలిచి ఉంది. పాత చక్రాన్ని అలంకారానికి గోడకు ఆనించి ఉంచినవారు కూడా దాని కొలతలను, ఆకుల అమరికను, వాడిన కర్ర పేరును వ్రాసి ఉంచితే, ముందుతరాలవారు మరల ఒక చక్రం చేసుకొనడానికి వీలుంటుంది.

ఇవి కూడా చూడండి

* ఎడ్లబండి
* మాడుగుల
* ఆముదం
* వడ్రంగి