గెల కట్టిన స్పీకర్లు... పంపకం ఎవరిది?

పెద్ద కచేరీకి వెళ్లినప్పుడు వేదికకు అటూ ఇటూ ఓసారి తలెత్తి చూడండి. అరటిగెలల్లా కాస్త వంపు తిరిగి వేలాడుతూ స్పీకర్ల దొంతరలు కనిపిస్తాయి. అవే లైన్ ఎరేలు. మామూలు స్పీకర్ నుంచి దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం 6 డెసిబెల్స్ తగ్గిపోతుంది. వరసగా పేర్చిన స్పీకర్ల నుంచైతే, కొంత దూరం వరకూ తగ్గేది 3 డెసిబెల్సే. అందుకే ముందు వరసలో వాళ్ల చెవులు చిల్లులు పడవు, వెనక వరసలో వాళ్లకి పాట వినపడకుండానూ పోదు.

ఈ గెలను చిన్నగా ఇంట్లోనే కట్టుకునే సరదారాయుళ్లు ఉన్నారు. నిలువెత్తు చెక్కపెట్టె, అందులో ఓ వరస ఊఫర్లు, పక్కనే మరో వరస ట్వీటర్లు. ఆదివారాలన్నీ కరిగించి, దాచుకున్న డబ్బులు పోసి చేసుకునే పని అది. పెట్టె తయారయ్యాక అసలు ప్రశ్న ఎదురవుతుంది. బరువైన స్వరాలు ఊఫర్‌కీ, సన్నటి స్వరాలు ట్వీటర్‌కీ పంచేదెవరు?

ఆ పని చేసేదే క్రాసోవర్. అందులో రెండు రకాలు... ప్యాసివ్, యాక్టివ్.

ఒక మోటారా... రెండా?

పొలం సంగతి గుర్తుచేసుకుంటే తేడా ఇట్టే తెలుస్తుంది. మోటారు తోడిన నీళ్లన్నీ ఒకే కాలువలోకి వదిలి, చివర్న తూములు పెట్టి పంచడం ప్యాసివ్. ఏ మడికి ఆ మడికి వేరే మోటారు పెట్టడం యాక్టివ్. ఇక్కడ మోటారంటే యాంప్లిఫయర్. ప్యాసివ్‌లో యాంప్లిఫయర్ తర్వాత కాయిల్స్, కెపాసిటర్లు ఉంటాయి. యాక్టివ్‌లో పంపకం యాంప్లిఫయర్‌కి ముందే జరిగిపోతుంది. రెండు పక్కలా కలిపి ప్యాసివ్‌కి రెండు యాంప్లిఫయర్లు చాలు, యాక్టివ్‌కి నాలుగు కావాలి.

ఖర్చు చూస్తే ప్యాసివే మేలనిపిస్తుంది. మరి చిక్కెక్కడ?

లెక్క తప్పితే...

8 ఓమ్‌ల ట్వీటర్లు 16 తీసుకుందాం. నాలుగేసి చొప్పున సిరీస్‌లో కలిపి, ఆ నాలుగు జట్లనీ ప్యారలల్‌గా కలిపితే మొత్తం మళ్లీ 8 ఓమ్‌లే. 2,000 హెర్ట్జ్ దగ్గర విడదీయాలంటే, అతి సాదా క్రాసోవర్‌కి 10 మైక్రోఫారడ్ల కెపాసిటర్ సరిపోతుంది. ఇప్పుడొక్క ట్వీటర్ కాలి తీగ తెగిందనుకోండి. దాంతోపాటు ఆ జట్టులో మిగతా మూడూ మూగబోతాయి. మిగిలినవి 12. మొత్తం 10.7 ఓమ్‌లవుతుంది. కెపాసిటర్ మాత్రం పాతదే! దాంతో 2,000 దగ్గరుండాల్సిన గీత 1,500కి జారుతుంది. అంటే మోయలేని బరువు స్వరాలు బతికున్న ట్వీటర్ల మీద పడతాయి. యాక్టివ్‌లో ఈ బెడద లేదు. గీసిన గీత గీసినట్టే ఉంటుంది.

పైగా 8 ఓమ్‌లన్నది పేరుకే. స్వరం మారేకొద్దీ ఆ అంకె 6కీ దిగొచ్చు, 30కీ ఎక్కొచ్చు. ప్యాసివ్ లెక్కలన్నీ దాని మీదే ఆధారపడతాయి. ఊఫర్ల దారిలో పెట్టే కాయిల్‌కి అర ఓమ్ నిరోధం ఉన్నా, నూటికి ఆరు వంతుల శక్తి వేడిగా పోతుంది. కింది స్వరాల దగ్గర ఇంకా కష్టం. 100 హెర్ట్జ్ దగ్గర విడదీయాలంటే 12.7 మిల్లీహెన్రీల కాయిల్, 200 మైక్రోఫారడ్ల కెపాసిటర్ కావాలి. బరువుకి బరువు, ఖర్చుకి ఖర్చు!

హ్యూలెట్ ప్యాకార్డ్ ఇంజినీర్లు సీగ్‌ఫ్రీడ్ లింక్‌విట్జ్, రస్ రైలీ రూపొందించిన క్రాసోవర్ 1976లో వెలుగులోకి వచ్చింది. ఆక్టేవ్‌కి 24 డెసిబెల్స్ చొప్పున నిటారుగా కోసే ఈ పద్ధతి యాక్టివ్‌లో తేలిక. ప్యాసివ్‌లోనైతే ఒక్కో దారికి రెండు కాయిల్స్, రెండు కెపాసిటర్లు పెట్టాలి.

కాపలా లేని ట్వీటర్

అలాగని యాక్టివ్‌కి వంక పెట్టలేమా? పెట్టొచ్చు. ప్యాసివ్‌లో కెపాసిటర్ పంచడమే కాదు, ట్వీటర్‌కి కాపలా కూడా కాస్తుంది. యాక్టివ్‌లో యాంప్లిఫయర్ తీగ నేరుగా ట్వీటర్‌కే వెళుతుంది. స్విచ్ వేయగానే వచ్చే ‘ఢబ్’మనే శబ్దమో, తీగలు అటూ ఇటూ మార్చి కలపడమో... ఒక్క క్షణం చాలు, వరసంతా బూడిద! అందుకే 8 ఓమ్‌ల వరసకి 40 మైక్రోఫారడ్ల కెపాసిటర్ ఒకటి అడ్డం పెట్టడం మంచిది. ముందు క్రాసోవర్, తర్వాత యాంప్లిఫయర్ ఆన్ చేయాలి. ఆపేటప్పుడు ముందు యాంప్లిఫయర్ ఆపాలి.

ఏది ఎంచుకున్నా తప్పని నియమం ఒకటుంది. ఊఫర్ల నడుమ ఎడం 13 సెంటీమీటర్లయితే పంపకం 2,600 హెర్ట్జ్‌కి లోపే జరగాలి. అది దాటితే స్వరం పొడవు ఆ ఎడం కన్నా చిన్నదై, కొన్నిచోట్ల పాట పలచబడిపోతుంది.

మరి కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఏం చేయాలి? మధ్యేమార్గం ఉంది. బాస్‌కి యాక్టివ్, పైనున్న ట్వీటర్ల పంపకానికి ప్యాసివ్. కాయిల్స్ బరువూ తగ్గుతుంది, ట్వీటర్‌కి కాపలా కూడా ఉంటుంది. గెల ఎంత పెద్దదైనా ముందు చిన్న శబ్దంతో మొదలుపెట్టి, ఒక్కో జట్టునీ విని చూసుకున్నాకే శబ్దం పెంచాలి. ఆ పది నిమిషాల ఓపిక పదహారు ట్వీటర్లని కాపాడుతుంది!